బకెట్ నీళ్లు

పొద్దున్నే నా మొదటి పని, మామా బయటికి రాకముందే బండి స్టార్ట్ చేసి ఏసీ వేసి పెట్టడం. మామా అంటే మేనమామ కాదు లెండి. కువైట్‌లో ఇళ్లలో పనిచేసేవాళ్లం యజమానిని బాబా అనీ, ఆయన భార్యను మామా అనీ పిలుస్తాం. ఆవిడ పది నిమిషాలకు రావచ్చు, గంటకు రావచ్చు. ఒక్కోసారి ఇంకో డ్రైవర్‌తో వెళ్లిపోతుంది, ఆ సంగతి నాకు ఎవరూ చెప్పరు. ఇంజన్ మాత్రం ఆడుతూనే ఉంటుంది. ఇక్కడ మామూలు పెట్రోలు లీటరు 85 ఫిల్సులు, మన లెక్కలో పాతిక రూపాయలు, కాస్త అటూ ఇటూ. అది తెలిశాక కూడా చాన్నాళ్లు నా చెయ్యి తాళం మీదికే పోయేది, ఆపేద్దామని.

నేను 2012లో ఇరవై నంబర్ వీసా మీద, అంటే ఇంటిపని వీసా మీద, హౌస్ డ్రైవర్‌గా వచ్చాను. మాది రాజంపేట దగ్గర పల్లె. మూడెకరాల అరటి కోసం నాలుగు బోర్లు వేశాను. పాయింట్ చూసేవాడు అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేనంతా నడుస్తాడు. కాయ నిటారుగా లేస్తే కింద నీళ్లున్నట్టు. నాలుగుసార్లూ లేచింది. చివరిది ఏడు వందల అడుగులు దించితే తెల్లటి దుమ్ము తప్ప ఏమీ రాలేదు. బోరు బండివాడు మాత్రం అడుగుల లెక్కన డబ్బు తీసుకుని పోయాడు. ఆ అప్పు మీద వీసాకు ఇంకో అప్పు. మా వైపు సగం మంది కథ ఇదే, కొత్తేం కాదు.

అలాంటివాణ్ణి ఈ ఇంట్లో వచ్చి పడ్డాను. ఏడు కార్లు, రోజూ ఏడూ కడగాలి. ఇసుక దుమ్ము అలా పడుతూనే ఉంటుంది, తప్పదు. పైపు పట్టుకుంటే నీళ్లు ధారగా పోతాయి. కార్లయ్యాక వాకిట్లో పాలరాయి, గోడలు, ఆఖరికి ఇంటి ముందు రోడ్డు కూడా. ఈ దేశంలో ఒక్క నది లేదు. సముద్రపు నీళ్లలో ఉప్పు తీసి ఇళ్లకు పంపుతారు, 1953 నుంచీ అంతే. ఫొటోల్లో అందరూ చూసే కువైట్ టవర్స్‌లో ఆ పెద్ద గోళాలున్నాయే, వాటిలో ఎక్కువగా ఉండేది నీళ్లే. మనకు ఊరి చివర ఓవర్‌హెడ్ ట్యాంకు ఉన్నట్టు.

దుబారా గురించి ఎంతైనా చెప్పొచ్చు. మామా ఓసారి హ్యాండ్‌బ్యాగు కొంది, రసీదు ముందు సీట్లో పడింది. 2,400 దినార్లు. నా జీతం అప్పుడు 120. ఇరవై నెలలు. ఆ బ్యాగును రెండుసార్ల కంటే ఎక్కువ చూడలేదు. శుక్రవారం దివానియాలో, అంటే మగవాళ్లు కూర్చుని మాట్లాడుకునే హాల్లో, మజ్బూస్ పళ్లేలు పరుస్తారు. అన్నం మీద గొర్రెకు గొర్రె. పావు వంతు తింటారేమో. మిగిలింది నల్ల కవర్లలోకి. వంట చేసే కొవ్వూరు వైపు అక్క ఆ కవరు మూతి కడుతూ, "తమ్ముడూ, ఒక్క కవరుతో మా వీధిలో సీమంతం చేసేయొచ్చు" అంటుంది. న్యాయంగా ఒక మాట చెప్పాలి, ఈ ఇంట్లో నాకు ఒక్క నెల కూడా జీతం ఆపలేదు. పక్క సందులో ఆపిన ఇళ్లున్నాయి.

ఇంట్లో ఒక్క మనిషే వేరు. బాబా వాళ్ల నాన్న. మేం బాబా కబీర్ అనేవాళ్లం, పెద్ద బాబా అని. ఎనభై దగ్గర ఉంటాయి. ఆయనకు హిందీ వచ్చు! చిన్నప్పుడు ఖర్జూరాల పడవ మీద బొంబాయి వెళ్లేవాడట. "మీ రూపాయే మా రూపాయి" అని ఒకరోజు కార్లో అంటే వేళాకోళం అనుకున్నా. నిజమే. 1961లో దినారు వచ్చేదాకా ఇక్కడ నడిచింది మన రూపాయే. అప్పుడు పదమూడు రూపాయల చిల్లరకు ఒక దినారు. ఇప్పుడు 270 దాటింది.

దివానియాలో అద్దాల పెట్టెలో చిన్న క్లిప్పు ఉండేది, పిన్నీసంత. నేనేదో నగ అనుకున్నా. తాబేలు చిప్పతో చేసిన ముక్కు క్లిప్పు అది. ఆయన తండ్రి ముత్యాల కోసం సముద్రంలోకి దూకేవాడు. వేసవి నాలుగు నెలలు పడవ మీదే. వెళ్లేముందు నఖూదా, అంటే పడవ పెద్ద, దగ్గర అప్పు తీసుకుని ఇంట్లో ఇచ్చి పోవాలి. తిరిగొచ్చాక ముత్యాల లెక్క చూస్తే బాకీ ఇంకా మిగిలే ఉంటుంది. మనిషి చచ్చిపోతే కొడుకు మోయాలి. "నీకు ఏజెంటు, మాకు నఖూదా" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఆ రోజుల్లో తాగే నీళ్లు షత్ అల్ అరబ్ నది నుంచి పడవల్లో వచ్చేవట. మేకతోలు తిత్తుల్లో పోసి, గాడిదల మీద వీధివీధికీ తిప్పి అమ్మేవాళ్లు. ఆయన గ్లాసులో సగం తాగి మిగతాది ఎప్పుడూ పారబోయలేదు. కర్ర పట్టుకుని మెల్లగా నడిచి వాకిట్లో సిద్ర్ చెట్టు మొదట్లో పోసేవాడు. మన రేగుచెట్టుకు దగ్గర చుట్టం అది, కాయలూ అలాగే ఉంటాయి.

ఒకరోజు నేను పైపు కింద పడేసి గుడ్డ కోసం లోపలికి వెళ్లాను. వచ్చేసరికి ఆయన కుళాయి దగ్గర వంగి ఉన్నాడు. బిగించేశాడు. నన్ను తిట్టలేదు. వంటింట్లోంచి రెండు బకెట్లు తెప్పించి, ఒకటి సబ్బుకు, ఒకటి కడగడానికి అని వేలితో చూపించాడు. నాకు సిగ్గేసింది. బోర్లకు అప్పు చేసి వచ్చినవాణ్ణి, ఆ పైపు చేతికి అలవాటు కావడానికి ఏడాది కూడా పట్టలేదు.

ఆయన పోయి నాలుగేళ్లయింది. ఏడు కార్లూ ఇప్పటికీ బకెట్లతోనే తుడుస్తున్నా, గంట ఎక్కువ పడుతుంది. మొన్న చిన్నబాబు, కాలేజీకి వెళ్తున్నాడు, మెట్ల మీద నిలబడి చాలాసేపు చూశాడు. "పైపు చెడిపోయిందా?" అని అడిగాడు. లేదన్నాను. సరిగా వినలేదో, నమ్మలేదో.

మర్నాడు పొద్దున గేటు దగ్గర అట్టపెట్టెలో కొత్త పైపు ఉంది. ముప్పై మీటర్లు.