బాణీ కట్టినవాళ్ళ పేర్లు

నేను తిరుపతిలో ఉంటూ పత్రికలకీ వెబ్‌సైట్లకీ సంగీతం, సినిమా, జాతరల గురించి రాసే ఫ్రీలాన్స్ రచయితని. "అసలు ఏం రాస్తావన్నా?" అని అడిగేవాళ్ళకి ఒక్కచోటే చెప్పేద్దామని ఈ పోస్టు. ఎస్వీ యూనివర్సిటీలో తెలుగు ఎమ్మే చేశాను. సంగీతం నేర్చుకోలేదు, విన్నాను, అంతే.

నా పేరుతో అచ్చయిన మొదటి పెద్ద వ్యాసం అన్నమయ్య బాణీల మీద. ఆయన (1408-1503) కీర్తనలు చెక్కిన రాగిరేకుల మీద పాట ఉంటుంది, రాగం పేరు ఉంటుంది, స్వరాలు మాత్రం ఉండవు. అంటే ఈ రోజు మనం పాడుకునే బాణీల్లో చాలా వరకు మన కాలపు విద్వాంసులు కట్టినవే. "నానాటి బతుకు" అనగానే చెవిలో మోగే రేవతి రాగం బాణీ నేదునూరి కృష్ణమూర్తి గారిది. "వినరో భాగ్యము" బాణీ గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ గారిది, ఆయన మా ఊళ్ళోనే ఉండేవారు, 2025 మార్చిలో పోయారు. పాట నోటికి వచ్చినవాళ్ళలో ఈ పేర్లు తెలిసినవాళ్ళు ఎంతమంది? పాత క్యాసెట్ అట్ట చూడండి: పైన స్వామివారి బొమ్మ, కింద పాడినవాళ్ళ పేరు, బాణీ కట్టినవారి పేరు ఉంటే లోపలి మడతలో చీమ తలకాయంత అక్షరాల్లో. మృదంగం, వయొలిన్ వాయించినవాళ్ళ పేర్లు చాలా వాటిలో అక్కడ కూడా దొరకవు. నాకు ఒళ్ళు మండేది అక్కడే, రాయాలనిపించేదీ అక్కడే.

పాతకాలం సినిమా నటుడు, గాయకుడు చిత్తూరు నాగయ్య గారి మీద కూడా రాశాను. పుట్టింది గుంటూరు వైపు అయినా, నాటకాలాడిన ఊరే ఇంటిపేరులా ఆయనకి అంటుకుపోయింది. 1946లో వచ్చిన 'త్యాగయ్య'కి దర్శకత్వం, నటన, పాట అన్నీ ఆయనే. మన జిల్లా పిల్లలకి ఆయన గొంతు ఒక్కసారైనా వినిపించాలని నా కోరిక.

ఎక్కువమంది చదివింది మాత్రం మా తిరుపతి గంగమ్మ జాతర వ్యాసమే. 2024లో 'పుష్ప 2'లో అల్లు అర్జున్ చీర కట్టి ఆడాక, బయట ఊళ్ళవాళ్ళకి అది సినిమావాళ్ళు కల్పించిన గెటప్ అనిపించింది. మా దగ్గర మగవాళ్ళు చీర కట్టి, ముఖానికి పసుపు రాసుకుని అమ్మవారి మొక్కు తీర్చుకోవడం ఎప్పటి నుంచో ఉంది, జనాన్ని పీడించిన పాలెగాడిని (ఆ ప్రాంతాన్ని ఏలినవాడిని) వెతుక్కుంటూ అమ్మవారు రోజుకో వేషం కట్టిందన్న కథ అందరికీ తెలుసు. ఆ సినిమాలో జాతర పాట గురించి రాసినవాళ్ళు స్టెప్పుల దగ్గరే ఆగిపోయారు. నేను వాయిద్యాల దగ్గరికి వెళ్ళాను. పంబ అనే జాతర డోలు వాయించే ఒక పెద్దాయన కడ్డీ ఎక్కడ పడితే చప్పుడు ఎట్లా మారుతుందో వాయించి చూపిస్తూ, "రాసేదుంటే మా నాయన పేరు కూడా రాయి నాయనా, నాకు నేర్పింది ఆయనే" అన్నారు. రాశాను. పత్రికవాళ్ళు చోటు చాలక ఆ లైను తీసేస్తామంటే, దాని బదులు నా రెండు పేరాలు కోసుకోమన్నాను.

ఇకముందు కూడా ఇవే రాస్తాను. సినిమా రివ్యూలు, గాసిప్ అడగొద్దు. పెళ్ళి మేళాలు, ఆర్కెస్ట్రాలు, గుడి ముందు వాయించేవాళ్ళు, వీళ్ళలో ఎవరి గురించైనా రాయమంటే మాత్రం పుత్తూరు, కుప్పం ఎక్కడికైనా బస్సెక్కి వచ్చేస్తాను.