మ్యాప్‌లో ఎత్తు కనపడదు

మంగళవారం, రాత్రి.

వంటిల్లు సర్దేసి మ్యాప్ ముందు కూర్చున్నాను. డాలస్ నుంచి అక్కావాళ్ళు డిసెంబర్ మొదట్లో మెక్సికో సముద్రతీరంలోని పుయెర్తో వయార్తా వెళ్తున్నారు. అమెరికా వీసాలు చెల్లుబాటులోనే ఉన్నాయి కాబట్టి మెక్సికో వీసా గొడవ లేదు. గొడవంతా ఏ పేటలో దిగాలన్నదే. అక్క, బావ, రెండేళ్ళ పాప, మోకాళ్ళ నొప్పులతో అత్తయ్యగారు. బావ ఇప్పటికే ఒక ఇల్లు చూసిపెట్టాడు, బీచ్‌కి మూడొందల మీటర్లేనట. నిజమే, కాకపోతే అందులో సగానికి పైగా ఎక్కుడే.

ఈ ఊళ్ళో కొండలు సముద్రం అంచుదాకా దిగొచ్చేస్తాయి. దక్షిణానికి పోయేకొద్దీ చదును నేల సన్నబడిపోతుంది. విమానాశ్రయం ఉత్తరాన చదునులో ఉంటే, పాత ఊరు దానికి దక్షిణంగా దాదాపు 10 కిలోమీటర్ల దూరంలో ఉంది. అందుకే ఇక్కడ ఇల్లు చూసేటప్పుడు బీచ్ ఎంత దూరమని అడిగేకన్నా, వీధి నుంచి గుమ్మం దాకా ఎన్ని మెట్లని అడగాలి. స్పానిష్‌లో 'కువాంతోస్ ఎస్కలోనెస్' అంటే చాలు, యజమానికి అర్థమైపోతుంది. అంకె చెప్పకుండా "కొన్నే" అని రాస్తే ఆ ఇల్లు వదిలెయ్యడమే.

ఉత్తరాన్నుంచి మొదలుపెడితే, మరీనా వయార్తా అంతా చదును. పడవల రేవు చుట్టూ పాప బండి తోసుకుంటూ హాయిగా తిరగొచ్చు. అత్తయ్యగారికి నడక సుఖం. కానీ విమానాశ్రయం పక్కనే కాబట్టి నెత్తిమీద విమానాల మోత, పాత ఊరికి వెళ్ళాలంటే ప్రతిసారీ బస్సో టాక్సీయో. దాని కింద హోటల్ జోన్. గది, తిండి, ఈతకొలను అన్నీ ఒకే ప్రాంగణంలో. గేటు దాటితే ఎదురుగా పెద్ద రోడ్డు, పాపతో దాటడం చిరాకే. ఊరు చూద్దామనుకునేవాళ్ళు అక్కడ దిగడం దండగని నా అభిప్రాయం.

ఆ రోడ్డుకి అవతల, సముద్రానికి దూరంగా వెర్సాయెస్. ఈమధ్య తిండికి పేరుపడిన పేట. చదునైన వీధులు, స్థానికుల ఇళ్ళు, మంచి హోటళ్ళు. బీచ్‌కి నడవాలంటే పదిహేను, ఇరవై నిమిషాలు. పెద్దవాళ్ళు లేకపోతే నేను అక్కడే దిగమనేదాన్ని.

ఇంకా దక్షిణానికి వస్తే '5 దె దిసియెంబ్రె' అనే పేట. కమరోనెస్ బీచ్ పక్కన రెండు మూడు వీధులు బాగానే ఉంటాయి, ఆపైన నిటారుగా లేస్తాయి. డిసెంబర్ 1 నుంచి 12 దాకా గ్వాదలూపే మాత (మేరీమాత) ఊరేగింపులు ఈ వైపు నుంచే హువారెస్ వీధి వెంట ఆవిడ చర్చికి వెళ్తాయి. చూడ్డానికి బాగుంటుంది, కానీ సాయంత్రమయ్యేసరికి వీధి మూసేస్తారు, టాక్సీ గుమ్మం దాకా రాదు. ఊరి నడిబొడ్డు సెంట్రోలోనూ అంతే. పైగా హువారెస్ దాటి పైకి వెళ్ళే ప్రతి వీధీ ఎక్కుడే. దక్షిణం చివర కోంచస్ చీనస్ చాలా అందంగా ఉంటుంది, అక్కణ్ణుంచి పాల పాకెట్టుకి కూడా టాక్సీ ఎక్కాలి.

చివరికి నా ఓటు కువాలె నది దాటాక వచ్చే రొమాంటిక్ జోన్‌కే. అసలు పేరు ఎమిలియానో సపాతా. గే యాత్రికులకి పేరున్న పేట, రాత్రుళ్ళు బార్ల సందడి గట్టిగానే ఉంటుంది. అయితే పేట మొత్తం ఒకేలా ఉండదు. నదికీ బసిలియో బదీయో వీధికీ మధ్య ఉన్న ముక్క దాదాపు చదును. అది దాటి దక్షిణానికి, అమాపస్ వైపు వెళ్తే కొండ మొదలవుతుంది. బావ చూసిన ఇల్లు ఆ వైపుదే. బార్ల మోత ఒలస్ అల్తస్ వీధి చుట్టూ, లాసరో కార్దెనస్ పార్కు దగ్గర ఎక్కువ. కాబట్టి అకిలెస్ సెర్దాన్, మదేరో వీధుల్లో, పడకగది పెరటివైపు ఉన్న ఇల్లు చూడాలి. బస్సులు తిరిగే ఇన్సుర్హెంతెస్ వీధి మీద మాత్రం వద్దు.

బండి సంగతి కూడా అక్కకి రాశాను. వీధులు ఎక్కువగా గుండ్రాళ్ళు పరిచినవే. చిన్న చక్రాల స్ట్రోలర్ నాలుగు అడుగులకే ఇరుక్కుంటుంది. పెద్ద చక్రాలదో, పాపని కట్టుకునే సంచీయో తెచ్చుకోవాలి. నున్నగా తోసుకుపోవాలంటే మలెకోన్ ఉంది, వాహనాలు రాని సముద్రపు బాట. లోస్ మ్వేర్తోస్ బీచ్‌లో నేల ఒక్కసారిగా లోతవుతుంది, పాపని అలల అంచుకి కూడా ఒంటరిగా వదలకూడదు.

వంటగది తప్పనిసరి. అత్తయ్యగారు పూర్తి శాకాహారి. బయట బీన్స్‌లో పందికొవ్వు, అన్నంలో కోడి రసం పడే అవకాశం ఎక్కువ. 'సిన్ మంతేకా, సిన్ కాల్దో దె పోయో' అని ముందే చెప్పాలి. కొళాయి నీళ్ళు తాగకూడదు, ఇంట్లో 20 లీటర్ల గర్రఫోన్ (తాగునీటి క్యాన్) పెడతారో లేదో అడగాలి.

రవాణా సులువే. టాక్సీలకి మీటర్లుండవు, పేటని బట్టి రేటు, ఎక్కే ముందే మాట్లాడుకోవాలి. ఉత్తరాన్నుంచి వచ్చే బస్సు అద్దం మీద 'తూనెల్' అని రాసుంటే సెంట్రో రద్దీలోకి వెళ్ళకుండా సొరంగాల దారిలో నేరుగా రొమాంటిక్ జోన్‌కొస్తుంది.

ఇదంతా పంపితే బావ దగ్గర్నుంచి ఒకటే ప్రశ్న: బాల్కనీలోంచి సముద్రం కనపడుతుందా? చదునులో కనపడదు. కావాలంటే అమాపస్‌లో లిఫ్టున్న కొత్త అపార్ట్‌మెంట్లు చూసుకోవచ్చు. కానీ ఆ లిఫ్టు వీధి మట్టం నుంచే మొదలవుతుందా, లేక ముందు ముప్ఫై మెట్లెక్కి లిఫ్టు దగ్గరికి చేరాలా అని అడగమన్నాను. ఇంకా జవాబు రాలేదు.