పండైనా పులుపే

మిషిగన్‌లో మే నెలాఖరుకి కూడా స్వెట్టర్లు లోపల పెట్టలేం. అలాంటి ఓ సాయంత్రం ఇండియన్ కొట్లో బంగినపల్లి పెట్టె కనపడితే ధర చూడకుండా తెచ్చేశాను. మన మామిడికి అమెరికా 2007లో అనుమతిచ్చింది. రేడియేషన్ పెట్టి, విమానమెక్కించి పంపుతారు. అంత ఖరీదైనవి పాడైపోతాయని మావారు జాగ్రత్తగా ఫ్రిజ్‌లో సర్దారు.

వారం తర్వాత తీస్తే తొక్క మీద బూడిదరంగు మచ్చలు. కోస్తే పళ్లు జివ్వుమనే పులుపు.

"ఈ పండు బాలేదమ్మా" అంది మా అమ్మాయి. దానికి పదమూడేళ్లు.

"అది పండు కాదే, కాయ."

దానికి ఏదైనా మ్యాంగోనే. పిందె, కాయ, దోర, పండు అని నేను వరస చెబుతుంటే, నూజివీడు నుంచి వీడియో కాల్‌లో ఉన్న మా అమ్మ అందుకుంది: "ఫ్రిజ్‌లో మాగుతాయిటే ఎక్కడన్నా? బియ్యం డబ్బాలో పెట్టు."

రెండో పెట్టె తెచ్చినప్పుడు మా అమ్మాయి దాన్ని స్కూల్ ప్రాజెక్టు చేసేసింది. సగం కాయలు బియ్యంలో, సగం ఫ్రిజ్‌లో. రోజుకో కాయ రసం పిండి, ఆమ్లత ఎంతుందో చూపే పీహెచ్ కాగితం ముంచేది. మొదటిరోజు 3 దగ్గర ఉన్నది, బియ్యంలో కాయకి ఆరోరోజుకి 4 దాటింది. పీహెచ్‌లో ఒక అంకె పెరిగిందంటే ఆమ్లత పదో వంతుకి పడిపోయినట్టు. ఫ్రిజ్‌లోది దాదాపు ఉన్నచోటే ఉంది.

కాయ మాగితే చక్కెర ఎక్కువై పులుపుని కప్పేస్తుందని నేను ఇన్నాళ్లూ అనుకున్నాను. సగమే నిజం. పిండిపదార్థం విరిగి చక్కెర పెరుగుతుంది, సరే. పులుపు కూడా నిజంగానే ఖర్చయిపోతుంది. మామిడిలో ముఖ్యంగా ఉండేది సిట్రిక్ ఆమ్లం, తర్వాత మాలిక్ ఆమ్లం. కాయ ఎదిగేటప్పుడు వీటిని తయారుచేసి కణంలోని వాక్యూల్ అనే సంచిలో దాచుకుంటుంది. మాగే వేళ, మాగడాన్ని ముందుకు తోసే ఇథిలీన్ అనే వాయువు పుట్టి, కాయ ఊపిరి వేగం పెరిగి, దాచినది బయటికొస్తుంది. ఎకోనిటేజ్ అనే ఎంజైమ్ సిట్రిక్ ఆమ్లాన్ని మరో రూపానికి మారుస్తుంది, దాని వెనకాల ఎంజైమ్ అందులోంచి కార్బన్ డయాక్సైడ్ ఊడదీస్తుంది. మాలిక్ ఆమ్లాన్ని మాలిక్ ఎంజైమ్ పైరువేట్‌గా విరుస్తుంది. తయారీ కన్నా ఖర్చు ఎక్కువైన రోజు నుంచి కాయ దోరగా తగులుతుంది. సుమారు 13 డిగ్రీల కిందికెళితే మామిడికి చలిదెబ్బ తగిలి ఈ వరసంతా దెబ్బతింటుంది. మా ఫ్రిజ్ 4 డిగ్రీలు. బియ్యం డబ్బాలో వెచ్చదనమూ ఉంటుంది, ఇథిలీనూ బయటికి పోదు.

రెండు వాతావరణాల మధ్య పెరగడం గురించి ఏదో అనబోయాను. "అమ్మా, ప్లీజ్, నన్ను మామిడికాయతో పోల్చకు" అంది. నోరు మూసుకున్నాను.

ఆ రాత్రి చారుకి చింతపండు పిసుకుతుంటే పక్కన నిలబడి అడిగింది: "పండంటే పులుపు పోయినదన్నావుగా. మరి దీన్ని చింత 'పండు' అంటారేంటి?"

నా దగ్గర జవాబు లేదు. కూర్చుని ఇద్దరం వెతికాం. చింతలో ఉండేది టార్టారిక్ ఆమ్లం. సిట్రిక్, మాలిక్ ఆమ్లాలకి ఊపిరి దారిలో ఎంజైములు సిద్ధంగా ఉంటాయి. టార్టారిక్‌కి అలాంటి దారి లేదు. చింతకాయ పండయ్యేసరికి చక్కెర బోలెడు చేరుతుంది, పులుపు మాత్రం కదలదు. అందుకే చెట్టు కింద ఏరుకు తిన్న చింతపండు తియ్యగానూ పుల్లగానూ ఒకేసారి తగిలేది. ద్రాక్షలో మాలిక్, టార్టారిక్ రెండూ ఉంటాయి. ఎండకి మాలిక్ తగ్గుతుంది, టార్టారిక్ నిలబడుతుంది. మా లేక్ మిషిగన్ ఒడ్డు తోటల్లో చల్లటి ఏడాది ద్రాక్ష పుల్లగా రావడానికి కారణం ఆ మిగిలిపోయిన మాలికే.

ప్రాజెక్టు పట్టికలో నాలుగోరోజు గడిలో ఇంగ్లిష్ మాట దొరక్క 'దోర' అని రాసింది. టీచర్ చుట్టూ సున్నా చుట్టి ప్రశ్నార్థకం పెట్టారట.

"ఏం చెప్పావే?"

"రేపు ఒకటి కోసి పట్టుకెళ్తానన్నాను. బియ్యంలో ఇంకా ఉన్నాయా?"

రెండున్నాయి. ఫ్రిజ్‌లోవి మాత్రం పప్పులో వేసేశాను.