21 లాకులు, ముగ్గురు బాబాయిలు

మా పడవను ఇంగ్లండులోని కాలువ మీద వారిక్ నుంచి కింగ్స్‌వుడ్ వైపు మార్చాలి, ఆదివారం పొద్దున్నే మనుషులు కావాలి అని గ్రూపులో రాసినప్పుడు ఎవరూ రారనే మావారు అనుకున్నారు. ఉగాదికి హాలు సర్దడానికి రమ్మంటేనే పదకొండు దాటితే గానీ ఒక్కరూ కదలరు. అలాంటిది బూట్లు తడిసే పనికి ముగ్గురు వచ్చారు. మాతో సగం వాటా పెట్టి పడవ కొన్న కరీంనగర్ ఆయన, కొవెంట్రీలో మత్తు డాక్టరుగా పనిచేసే గుంటూరు ఆయన, మా పక్కింటి తెల్లాయన. పక్కింటాయన లారీలు తోలి రిటైరయ్యారు, కాలువల మీద పాతికేళ్ల అనుభవం. ఆరు నెలల వీసా మీద వచ్చిన మా మామగారు కూడా మఫ్లరు చుట్టుకుని బయలుదేరారు.

మార్చడానికి కారణం డబ్బే. పడవ కట్టుకునే చోటుకు అద్దె పడవ పొడవును బట్టి ఉంటుంది. మాది 57 అడుగులు. వెడల్పు మాత్రం ఏడడుగులకు కాస్త తక్కువ, ఎందుకంటే ఇంగ్లండు నడిమి ప్రాంతంలో పాత లాకులు (నీళ్లు నింపి, వదిలి పడవను పైకీ కిందికీ చేర్చే తలుపుల గదులు) చాలావరకు ఏడడుగుల వెడల్పే. పాత చోట అద్దె పెంచారు. కొత్తచోటు ఒక రైతు పొలం గట్టు, అక్కడ చవక. సొంత చోటు లేకుండా తిరిగేవాళ్లు సాధారణంగా ఎక్కడా 14 రోజులకు మించి ఆగకూడదని 1995 నాటి చట్టం. ఉద్యోగాలూ బడులూ ఉన్న మాకు అది కుదరదు.

పాత చోటుకూ కొత్తచోటుకూ మధ్యలో హ్యాటన్ అనే ఊరు ఉంది. అక్కడ దాదాపు మూడు కిలోమీటర్ల దూరంలో 21 లాకులు, మొత్తం 146 అడుగుల ఎత్తు. పాతవి ఇరుకుగా ఉన్నాయని 1930లలో పక్కనే కాంక్రీటుతో వెడల్పైన లాకులు కట్టి 1934లో తెరిచారు. రెండు పడవలు పక్కపక్కన పడతాయి. మాకు ఆ రోజు జోడు దొరకలేదు. వెడల్పు లాకులో ఒంటరి పడవంటే తంటాయే. పైనుంచి నీళ్లు వదలగానే అది ఆ గోడకూ ఈ గోడకూ కొట్టుకుంటుంది. పడవ ఏ పక్క ఉందో నీళ్లు వదిలే షట్టర్లలో ముందు ఆ పక్కదే ఎత్తాలి. అప్పుడు లోపలికి దూకిన నీళ్లు ఎదుటి గోడను తాకి వెనక్కి మళ్లి, పడవను ఉన్న గోడకే అదిమిపెడతాయి. ఈ సంగతి పక్కింటాయన అందరికీ ఒకసారి చెప్పి, చుక్కాని పద్నాలుగేళ్ల మావాడి చేతికిచ్చి, పక్కన టీ కప్పుతో నిలబడ్డారు.

ఇక్కడ నా గోడు కొంత చెప్పుకోవాలి. మా పిల్లలకు ఊళ్లో పదిమంది బాబాయిలు, పదిమంది పిన్నులు ఉన్నారు. ఉన్నారని మేం చెబితే వాళ్లు నమ్మాలి, అంతే. బాబాయి అని పిలవరా, కాళ్లకు దండం పెట్టరా అని గుమ్మంలో గుసగుసలాడతాం. వాడు ఆ తంతు ముగించి మేడ మీదికి పోతాడు. కింద మేం ఇళ్ల ధరల గురించి మాట్లాడుకుంటాం. పుట్టినరోజులకు, వ్రతాలకు తప్ప కనబడని మనిషిని చుట్టమని పిలవమనడం పిల్లల మీద జులుమే అని నాకు చాలాకాలంగా అనుమానం. మా చిన్నప్పుడు బాబాయి అంటే సైకిలు నేర్పినవాడు, చెరువులో ఈత నేర్పినవాడు, నాన్నకు చెప్పకుండా సినిమాకు తీసుకెళ్లినవాడు. పని ముందు పుట్టింది, వరస దాని వెనకే వచ్చింది.

అయిదో లాకో ఆరో లాకో, సరిగా గుర్తు లేదు. డాక్టరు గారు ఉత్సాహం కొద్దీ అవతలి పక్క షట్టరు ఎత్తేశారు. పడవ ముక్కు ఒక్క ఊపున అటు తిరిగింది. లోపల పళ్లెం పగిలిన చప్పుడు. మావాడు గొంతు చించుకుని, "ఆపు! అటు కాదు, ఇటు! దించు, దించెయ్!" అని అరిచాడు. తెలుగులో అరిచాడు. మీరూ లేదు, అండీ లేదు. ఆపరేషను గదిలో అందరినీ గదమాయించే మనిషి మారు మాట్లాడకుండా షట్టరు దించి, పరుగున ఇటు వచ్చారు.

మా మామగారి ముఖం చిట్లింది. "పెద్దవాళ్లతో అదేం మాటమ్మా?" అన్నారు నాతో. అప్పటికే పక్కింటి డెబ్బై ఏళ్లాయనను మనవడు పేరు పెట్టి పిలవడం చూసి ఉడికిపోతున్నారు. నేను సర్దిచెప్పబోయాను. అవసరం రాలేదు. తర్వాతి లాకులోనే ఆయన గట్టు మీద నిలబడి, "డాక్టరూ, తాడు వదలకు, ఒక చుట్టు వెయ్!" అని కేకలు పెడుతున్నారు.

ఆయనకు లాకులు కొత్త కాదు. గోదావరి డెల్టాలో పుట్టారు. ధవళేశ్వరంలో కాటన్ ఆనకట్ట 1852లో పూర్తయింది. దాని కాలువలను పొలాలకు నీళ్లిచ్చేలా, పడవలూ నడిచేలా లాకులతో కట్టారు. ఆయన చిన్నతనానికి ఇంకా ధాన్యం బస్తాల పడవలు తిరిగేవి. లాకు చూసుకునే లస్కరు తలుపులు తెరిచేదాకా పిల్లలంతా గట్టున కూర్చునేవారట. ఈ కథ ఇంట్లో ఎన్నిసార్లు మొదలుపెట్టినా పిల్లలు సగంలో లేచిపోయేవారు. ఇక్కడ తాతగారు లాకు తలుపుకు బిగించిన పొడవాటి దూలానికి వీపు ఆనించి, నేలమీద కాలు జారకుండా పేర్చిన ఇటుక అంచులకు మడమ తన్ని, తలుపు ఎలా నెట్టాలో మా చిన్నదానికి చూపిస్తుంటే అది నోరు తెరుచుకుని వింది. చేత్తో నెట్టినంతసేపూ కదలని తలుపు, వీపుతో నెడితే నిదానంగా కదిలింది.

ఈ కాలువల మీద పాత వంతెనల మూలలకు ఇనుప పట్టీలుంటాయి. గుర్రాలు లాగిన తాళ్ల రాపిడికి వాటి మీద వేలు పట్టేంత గాడులు పడ్డాయి. చిన్నది వాటిలో వేలు పెట్టి చూస్తుంటే, "మా దగ్గర గుర్రాలు లేవు, మనుషులే లాగేవారు. తాడు భుజానికి ఉండేది" అన్నారు మామగారు. అది కాసేపు ఆలోచించి, ఎవరి భుజానికి అని అడిగింది. ఆయన ఆ మనుషుల కులం, కూలి, ఆకలి అన్నీ చెప్పారు. నేనైతే దాటేసేదాన్ని.

మధ్యాహ్నం పైలాకు దగ్గర పులిహోర. కాలువ నీళ్లలో ఎలుకల వల్ల జబ్బు వచ్చే ప్రమాదం ఉందని డాక్టరు గారు అందరికీ చెంచాలిచ్చారు. చెంచాతో పులిహోరేమిటని మామగారు అలిగి, చేతులు మోచేతుల దాకా కడుక్కుని వచ్చారు. వెనక్కి చూస్తే మేం ఎక్కివచ్చిన లాకులూ, వాటి చివర వారిక్‌లోని సెయింట్ మేరీ చర్చి గోపురమూ కనిపించాయి. ఆ తర్వాత ష్రూలీ సొరంగం. పైనుంచి నీళ్లు కారుతుంటే కరీంనగర్ ఆయన పాట ఎత్తుకున్నారు. పిల్లలు వద్దని బతిమాలారు.

దీంతో మావాడికి తెలుగు మీద ప్రేమ పుట్టుకొచ్చిందని చెప్పను. మరుసటి శనివారం తెలుగు బడికి ఎప్పటిలాగే ముఖం మాడ్చుకునే వెళ్లాడు. కానీ రెండు వారాలకు డాక్టరు గారింట వ్రతానికి వెళ్తే మేడ ఎక్కలేదు. ఆయనతో పెరట్లో నిలబడి తాడు ముడుల మీద వాదం పెట్టుకున్నాడు. తీర్థం ఇస్తున్నారు రమ్మంటే ఇద్దరూ రాలేదు, డాక్టరు గారి ఆవిడ చేత ఇద్దరూ చీవాట్లు తిన్నారు.

వచ్చే ఏడాది పడవ అడుగుకు నల్లరంగు వేయించాలి, అంటే మళ్లీ ప్రయాణం. డబ్బిస్తే పడవను చేర్చిపెట్టే మనుషులున్నారు, వాళ్లకే అప్పజెబుదామని మావారు అంటున్నారు. నేను ఒప్పుకోలేదు. పగిలిన పళ్లెం బదులు డాక్టరు గారు ఆరు స్టీలు పళ్లేలు తెచ్చి పడవలో పెట్టారు, తారీఖు చెబితే సెలవు పెట్టుకుంటానన్నారు.