డోర్ ప్యాడ్‌కి స్క్రూడ్రైవర్ పెట్టకండి బాబూ

కారు డోరు తెరిచి, లోపలివైపు రేకును కప్పి ఉండే ప్లాస్టిక్ పలక, అంటే డోర్ ప్యాడ్, కింది అంచు వెంట వేలు పోనిస్తే చాలు, ఇంతకుముందు దాన్ని ఊడదీసిన మనిషి చేతిలో ఏముందో తెలిసిపోతుంది. ప్లాస్టిక్ అంచున నొక్కుకుపోయిన గాటు, సరిగ్గా దాని ఎదురుగా రేకు మీద పెయింటు లేచిన మచ్చ. అంటే ఫ్లాట్ స్క్రూడ్రైవరు దూర్చి తిప్పాడన్నమాట. ప్లాస్టిక్ మీద గాటు ఇక పోదు. రేకు మీద మచ్చ అంతకన్నా పెద్ద తలనొప్పి. మా వైపు గాలిలో తేమ ఎక్కువ, కాకినాడ, యానాం నుంచి వచ్చే బళ్లకైతే ఉప్పుగాలి కూడా తోడు. పెయింటు లేచినచోట తుప్పు మొదలైతే ప్యాడ్ చాటున ఉండబట్టి ఎవరూ చూడరు, అది దాని పని అది చేసుకుపోతూనే ఉంటుంది.

రాజమండ్రిలో మోరంపూడి జంక్షన్ దగ్గర మాది చిన్న షాపు. స్టీరియోలు, స్పీకర్లు, రివర్స్ కెమెరాలు, మ్యాటింగులు, సెంట్రల్ లాకింగ్. అంటే పొద్దస్తమానం ఎవరిదో ఒకరి కారు లోపలి ప్లాస్టిక్కు విప్పడమే. "ఇంట్లో మేమే చేసుకోవచ్చాండీ? ఏ టూల్స్ కొనాలి?" అని ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. చేసుకోవచ్చండి. నా పొట్ట నేనే కొట్టుకుంటున్నట్టుంది గానీ, స్క్రూడ్రైవరుతో పాడుచేసి నా దగ్గరకు తెచ్చేకంటే సరైన దానితో మీరే విప్పుకోవడం నాకూ నయమే.

ఆన్‌లైన్‌లో కనబడే కిట్లలో ఐదు ముక్కల నుంచి నలభై ముక్కల దాకా ఉంటాయి. నలభై చూసి ఆశపడకండి. వాటిలో సగం ఏదో ఒక కంపెనీ స్టీరియోను బయటికి లాగడానికి పనికొచ్చే తాళాలు, మిగిలినవి ఒకే వస్తువు నాలుగు సైజుల్లో. నా చేతిలో రోజూ ఆడేవి మూడంటే మూడు. వెడల్పాటి ప్లాస్టిక్ చీలిక ఒకటి, అంచు పల్చగా ఉండి సందులో దూరేది. చివర వంపు తిరిగి మధ్యలో గాడి ఉన్న ప్లాస్టిక్ ఫోర్కు ఒకటి. మూడోది ఇనుపది, క్లిప్ ప్లేరు. మూతి పక్కకు వంగి, రెండు పెదాలూ పల్చగా ఉంటాయి. ప్యాడ్‌ని రేకుకి పట్టి ఉంచే ప్లాస్టిక్ క్లిప్పు మెడను రెండువైపులా పట్టి పైకి లేపుతుంది. ఇనుప ఫోర్కు కూడా ఉంది నా దగ్గర. కానీ దాని వీపుకి ఎప్పుడూ రెండు పొరలు బట్ట టేపు చుట్టి ఉంటుంది. టేపు లేకుండా దాన్ని మా కుర్రాళ్లు తీస్తే ఒప్పుకోను.

ప్లాస్టిక్ టూల్ కొనేటప్పుడు చేత్తో వంచి చూడండి. కొద్దిగా వంగి మళ్లీ తిన్నగా నిలబడితే నైలాను, పనికొస్తుంది. గాజుపోగు కలిపిన నైలాను ఇంకా గట్టిది, కాస్త ఎక్కువ రేటు పెట్టినా దండగ కాదు. వంచినచోట తెల్లగా చారపడితే అక్కడే వదిలేయండి. ఆ రకం మూడో క్లిప్పుకే అంచు నలిగిపోతుంది. నలిగిన అంచుతో పని చేస్తే ఓపిక నశించి, చెయ్యి మళ్లీ స్క్రూడ్రైవరు మీదకే పోతుంది.

అసలు ఈ క్లిప్పులు ఎందుకు పెట్టారని విసుక్కునేవాళ్లున్నారు. ఫ్యాక్టరీలో ఒక డోరుకి పది స్క్రూలు బిగించడానికి పట్టే టైములో, అరచేత్తో నాలుగు దెబ్బలు కొట్టి ప్యాడ్ ఎక్కించేసి తర్వాత బండి దగ్గరకు పోవచ్చు. పైకి స్క్రూ తలలు కనబడవు, చూడ్డానికి నీటుగా ఉంటుంది. క్లిప్పు చేసిందే త్వరగా ఎక్కించడానికి. దింపడం గురించి పెద్దగా ఆలోచించినట్టు లేదు.

వెనకటి బళ్లలోనూ చిక్కులు లేకపోలేదు. మారుతి 800లో అద్దం దించే హ్యాండిల్ చూడండి. స్క్రూ ఎక్కడా ఉండదు. హ్యాండిల్‌కీ, వెనక ఉండే ప్లాస్టిక్ వాషరుకీ మధ్య గుర్రపు నాడా ఆకారంలో చిన్న స్ప్రింగు తీగ ఉంటుంది. దానికి ఏ టూలూ అక్కర్లేదు. పాత నూలు గుడ్డ పేలిక ఒకటి ఆ సందులో దూర్చి, రెండు కొసలూ పట్టుకుని బూటు పాలిష్ చేసినట్టు అటూ ఇటూ లాగాలి. గుడ్డ పోగు తీగ కొసను పట్టుకోగానే టిక్కుమని బయటికొస్తుంది. ఎగిరి ఏ సీటు కిందకో పోతుంది కాబట్టి రెండోవాళ్ల అరచెయ్యి అడ్డం ఉండాలి. ఆ బండి 1983లో వచ్చింది, 2014లో తయారీ ఆపేశారు. అయినా వాటి మీద మమకారం చావనివాళ్లు ఇప్పటికీ వస్తుంటారు. ఆల్టో, ఓమ్ని హ్యాండిళ్లకూ ఈ పేలిక వైద్యమే.

ఇప్పటి డోరు సంగతికొద్దాం. ప్యాడ్‌ని పట్టి ఉంచే క్లిప్పులో మెడ కింద వరసగా రెక్కలుంటాయి. పులస ముల్లు గొంతులోకి సులువుగా దిగి వెనక్కి రానని ఎలా మొరాయిస్తుందో ఇదీ అంతే. తిన్నగా లాగితే రెక్కలు ముడుచుకుని వస్తుంది, పక్కకు ఎత్తితే మెడ దగ్గర విరుగుతుంది. టూల్ ఎక్కడ పెడుతున్నారన్నది అందుకే ముఖ్యం. క్లిప్పు నుంచి జానెడు దూరంలో పెట్టి ఎత్తితే వంగేది ప్యాడ్, విరిగేది ప్యాడ్ వెనక క్లిప్పు కూర్చునే ప్లాస్టిక్ గూడు. క్లిప్పు పోతే కొత్తది దొరుకుతుంది. గూడు విరిగితే దొరకదు, మొత్తం ప్యాడ్ కొనాలి. టార్చి వేసి సందులోంచి చూస్తే తెల్లగానో నీలంగానో క్లిప్పు కనబడుతుంది. ఫోర్కు గాడి సరిగ్గా దాని మెడ కిందకు పోవాలి.

దానికంటే ముందు స్క్రూలు. ఒకటి లోపలి హ్యాండిల్ వెనక చిన్న మూత చాటున, ఒకటి డోరు లాగే పిడి గుంటలో, రబ్బరు మూత కింద. కొన్నింటికి అద్దం మూలనున్న త్రికోణం ముక్క వెనక ఇంకోటి. మా దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాడు మొన్న ఒక హ్యాచ్‌బ్యాక్ మీద చెమటలు కక్కుతున్నాడు.

"స్క్రూలన్నీ తీసేశాను గురువుగారూ. కింద క్లిప్పులన్నీ ఊడాయండి. మధ్యలో మాత్రం రానంటోందండి."

"లాగకు. పిడి గుంటలో అడుగున వేలు పెట్టి చూడు. మెత్తగా తగుల్తోందా?"

"ఆయ్, తగుల్తోందండి. మూతండి ఇది!"

అంతే, ఆ ఒక్క స్క్రూ తీశాక ప్యాడ్ ముద్దుగా వచ్చేసింది. ఎక్కడైనా గట్టిగా ఆగిందంటే అక్కడ కనబడని స్క్రూ ఉందనే లెక్క. బలం పెడితే వచ్చేది పగులే.

క్లిప్పులన్నీ వదిలాక ప్యాడ్‌ని మీవైపు లాగకండి, పైకి లేపండి. పై అంచు అద్దం సందులో కొక్కెంలా తగులుకుని ఉంటుంది. లేపాక కూడా కంగారు పడొద్దు. వెనక అద్దాల స్విచ్చు కనెక్టరు, లాక్ కేబులు వేలాడుతుంటాయి. ప్యాడ్‌ని మోకాలి మీద ఆనించుకుని, కనెక్టరు నాలుకను నొక్కి తీయాలి. వైర్లు పట్టి గుంజకూడదు.

ప్యాడ్ వెనక పల్చటి ప్లాస్టిక్ షీటు ఉంటుంది, చుట్టూ నల్లటి బంకతో అతికించి. చాలామంది దీన్ని చెత్తనుకుని చింపి పారేస్తారు. అద్దం మీద పడిన వాన నీళ్లు డోరు లోపలికి దిగి, అడుగున కంతల్లోంచి బయటికి పోతాయి. ఆ నీళ్లు లోపలివైపు రాకుండా ఆపేది ఈ షీటే. అది చిరిగితే ఎండాకాలమంతా ఏమీ తెలీదు. జూలైలో ముసురు పట్టాక, "కారులో ముక్కవాసన వస్తోందండీ, మ్యాటింగు తడిగా ఉందండీ" అంటూ వస్తారు. బంకను కత్తితో నెమ్మదిగా కోస్తూ షీటు తీసి, మళ్లీ అదే గీత మీద అతికించండి. ఆ బంక చేతికంటితే సబ్బుకి లొంగదు, అదే బంక ముద్దతో అద్దుతుంటే వచ్చేస్తుంది.

డిక్కీ లైనింగుకీ, చక్రాల పైన అట్టలకీ వచ్చే బొత్తాం రకం క్లిప్పులు వేరే. ఇందులో రెండు ముక్కలు, చుట్టూ గిన్నె, మధ్యలో పిన్ను. పిన్ను అంచున చిన్న గాడి ఉంటే పల్చటి టూల్‌తో దాన్ని పైకి లేపాలి, ఆ తర్వాత గిన్నె వస్తుంది. గాడి లేకుండా నడుమ చిన్న గుంట ఉంటే లోపలికి నొక్కాలి. రెండు మూడు మిల్లీమీటర్లు దిగి టక్కుమంటుంది, అక్కడ ఆపేయాలి. ఇంకా నొక్కితే పిన్ను లోపలికి పడిపోతుంది. మళ్లీ పెట్టేటప్పుడు ముందు పిన్నును పైకి నెట్టి, గిన్నె కూర్చున్నాక నొక్కాలి. ప్లస్ గాడి ఉన్నవాటిని స్క్రూ అనుకుని ఊరికే తిప్పుతూ కూర్చోకండి. తిరుగుతూ పైకి రాకపోతే, తల కింద ప్లాస్టిక్ చీలిక పెట్టి కాస్త ఎత్తుతూ తిప్పండి. డాష్‌బోర్డు ముక్కలకు ఇనుప స్ప్రింగు క్లిప్పులుంటాయి. ముక్క ఊడివచ్చినా అవి ఒక్కోసారి గాడిలోనే ఉండిపోతాయి. నోస్ ప్లేరుతో తీసి మళ్లీ ముక్కకే తగిలించాలి, లేకపోతే గతుకుల రోడ్డు మీద కిరకిరలు మొదలు.

చలికాలం పొద్దున్నే ఈ పని పెట్టుకోకండి. ప్లాస్టిక్కు పెళుసుగా ఉంటుంది. డోరు కాసేపు ఎండకు పెట్టినా, హెయిర్ డ్రయ్యర్ పట్టినా సరిపోతుంది. కొత్త క్లిప్పులు మరీ బిర్రుగా ఉంటే కాసేపు వేడినీళ్లలో వేసి తీయండి. నైలాను తేమ పీల్చుకుంటే కాస్త సాగుతుంది, పొడిగా ఉంటే పుటుక్కుమంటుంది.

క్లిప్పులు ముందే కొని దగ్గర పెట్టుకోండి, విరిగాక పరుగెత్తడం కాదు. పాత బండైతే నాలుగైదు పోతాయనే అనుకోండి. మారుతి సుజుకి క్లిప్పుల నంబర్లు చాలావరకు 09409తో, టొయోటావి 90467తో మొదలవుతాయి. స్పేర్ పార్ట్స్ షాపుకి పాతది తీసుకెళ్లి పక్కపక్కన పెట్టి చూడటం మంచిది. తల ఒకేలా ఉన్నా మెడ మందం తేడా ఉంటే, సన్నది ఊగుతుంది, లావుది గూట్లో దూరదు. డోరువాటికి మెడ చుట్టూ మెత్తటి వాషరు ఉండే రకమే తీసుకోండి. విరిగి డోరు లోపల పడిన క్లిప్పు ముక్కను అయస్కాంతం లాగదు, వేళ్లతో వెతికి తీయాల్సిందే. వదిలేస్తే బ్రేకు వేసినప్పుడల్లా దొర్లుతుంది.

ఇక ఎయిర్‌బ్యాగులు. ఇప్పుడు చిన్న బళ్లకు కూడా ఆరేసి ఉంటున్నాయి. ముందు అద్దం పక్క స్తంభం మీద ఎయిర్‌బ్యాగ్ అని ఇంగ్లీషు అక్షరాలు చెక్కి కనబడితే టూల్ తీయకముందే బ్యాటరీ నెగటివ్ ఊడదీయండి. టొయోటా సర్వీస్ మాన్యువళ్లు కనీసం 90 సెకన్లు ఆగమంటాయి, కొన్ని కంపెనీలు ఇంకా ఎక్కువ చెప్తాయి. బ్యాటరీ తీసినా ఎయిర్‌బ్యాగు పెట్టెలో కాసేపు కరెంటు నిలవ ఉంటుంది మరి. నేనైతే బయటికెళ్లి టీ తాగి వస్తాను. ఎయిర్‌బ్యాగు కనెక్టరు తీసి ఉండగా తాళం తిప్పితే మీటరులో ఎర్రలైటు వెలిగి, స్కానరు పెడితే గానీ పోదు. ఆ స్తంభం కవరుకి పట్టీలాంటి క్లిప్పు ఉంటుంది, బ్యాగు పేలినప్పుడు కవరు ఎగిరి మన మొహాన పడకుండా పట్టుకోవడానికి. చాలా బళ్లలో అది ఒకసారి తీస్తే కొత్తది వేయాల్సిందే, పాతదాన్నే బిగించి సరిపెట్టుకోకూడదు.

డాష్‌క్యామ్ వైరు కోసమే అయితే పైన ఏమీ ఊడదీయక్కర్లేదు. వెడల్పాటి చీలికతో రూఫ్ లైనింగు అంచు కాస్త వదులుచేసి, వైరుని వేలితో లోపలికి తోసుకుంటూ పోవడమే. స్తంభం దగ్గర మాత్రం కవరు తీసి, వైరు ఎయిర్‌బ్యాగు వెనక నుంచి, రేకువైపుగా దించాలి. బ్యాగు ముందు నుంచి లాగితే అది తెరుచుకునేటప్పుడు వైరు అడ్డం పడుతుంది. స్తంభం కవరు తీయడానికి చెయ్యి వణుకుతుందంటారా, అక్కడిదాకా మీరే చేసి బండి తీసుకురండి. ఆ ఒక్క ముక్కకూ పెద్దగా ఏమీ తీసుకోంలెండి.