బోనఫైడ్‌లో ఐదు వరుసలు

జూన్ 17, 2025, మంగళవారం

పొద్దున్నుంచి సాయంత్రం దాకా టీసీలు, బోనఫైడ్‌లు రాయడమే సరిపోయింది. బడులు తెరిచి ఇంకా వారం కాలేదు. ఒకపక్క ఇంటింటికీ తిరిగి పిల్లల్ని బడిలో చేర్పించే బడిబాట, ఒకపక్క కొత్త అడ్మిషన్లు, మరోపక్క పుస్తకాల లెక్కలు. ఈ సందట్లోనే మొన్న పది పాసైన మా పిల్లలు ఇద్దరిద్దరుగా, ముగ్గురు ముగ్గురుగా వచ్చారు. ఇంటర్‌లో చేరాలంటే టీసీ కావాలి. ఏ తరగతి ఎక్కడ చదివారో చూపించడానికి బోనఫైడ్ కావాలి. వాళ్ళ క్లాస్ టీచర్‌ని నేనే కాబట్టి స్టాఫ్‌రూంలో నా టేబుల్ చుట్టూ మూగారు.

టీసీ రాయడం తేలికే. అడ్మిషన్ రిజిస్టర్ తీసి పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు, పుట్టుమచ్చలు సరిచూసుకుని ఎక్కించేయడమే. పుట్టుమచ్చల దగ్గరికి వచ్చేసరికి పిల్లలు ఒకరి చేతులు ఒకరు తిప్పి చూసుకుని నవ్వుకుంటారు. ఇవాళ నా చెయ్యి ఆగింది మాత్రం బోనఫైడ్ దగ్గర. అందులో తరగతికో వరుస. ఆరు నుంచి పది దాకా ఐదు వరుసలు, అన్నీ ఒకే కొలత. మొదటి వరుసలో ‘ఆరవ తరగతి, 2020–21’ అని రాస్తుంటే పక్కన నిలబడ్డ పిల్లాడు వంగి చూసి, “మేడమ్, అది కూడా రాస్తరా? ఆ యేడు మనం బడికే రాలే గద” అన్నాడు.

నిజమే. ఈ పిల్లలు మా హైస్కూల్లో చేరింది కరోనాతో బడి మూసి ఉన్న సంవత్సరంలో. అడ్మిషన్ కోసం వచ్చింది అమ్మానాన్నలే, అదీ ముఖానికి మాస్కు కట్టుకుని. 2020 సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరిలో, రాష్ట్ర ప్రభుత్వ పాఠాల చానల్ టీ-శాట్‌లో పాఠాలు మొదలయ్యాయి. మేం ఇళ్ళకు ఫోన్లు చేసి ఎవరు చూశారు, ఎవరు చూడలేదు అని రాసుకునేవాళ్ళం. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లల్ని బడికి రానిచ్చింది 2021 ఫిబ్రవరి 24న. మార్చి 24కి మళ్ళీ మూసేశారు. అంటే వాళ్ళ ఆరో తరగతి బడి గోడల మధ్య గడిచింది సరిగ్గా నెల రోజులు. ఆ తర్వాత పరీక్షలు లేకుండానే ఏడుకి వెళ్ళిపోయారు.

“రాస్తాను రా. నువ్వు మా రిజిస్టర్లో ఉన్నావు, చదివావు. ఎందుకు రాయను?” అన్నాను. వాడు ఒప్పుకోలేదు. ఆ మాట మీద పిల్లలందరూ ఎవరి ఆరో తరగతి వాళ్ళు చెప్పడం మొదలుపెట్టారు. పెన్ను పక్కన పెట్టి విన్నాను. ఐదేళ్ళుగా వీళ్ళకి సోషల్ చెప్పాను గానీ, ఆ సంవత్సరం గురించి ఇంత వివరంగా ఎప్పుడూ వినలేదు.

ఆ ప్రశ్న అడిగిన పిల్లాడిది పార్సీగుట్ట. వాళ్ళింట్లో టీవీ ఉంది, కేబుల్ ఉంది. ఆ గల్లీలో ఆరో తరగతి పిల్లలు మరో నలుగురు. ఒకరింట్లో టీవీ లేదు, ఒకరింట్లో ఉన్నా పాఠాల వేళకి తాతకి వార్తలు కావాలి, ఇంకొకరి ఇంట్లో ఒక్కటే ఫోను, అది నాన్నతో పాటు పనికి వెళ్ళిపోతుంది. అందరూ వీడింట్లోనే కూర్చునేవారట. వీడి అమ్మ మాత్రం దగ్గర దగ్గర కూర్చోనిచ్చేది కాదు. గడప అవతల ఇద్దరు, ఇవతల ముగ్గురు. “అమ్మ గుమ్మంల బియ్యం ఏరుకుంట కూసునేది మేడమ్. మేం ముచ్చట పెడితే టీవీ బంద్ చేసేది” అన్నాడు. ఆ నలుగురిలో ఇద్దరు అక్కడే నిలబడి వింటున్నారు, నవ్వుతూ తలలూపారు.

ఒక అమ్మాయి ఆ సంవత్సరం అసలు హైదరాబాద్‌లోనే లేదు. వాళ్ళ నాన్న తాపీమేస్త్రీ. లాక్‌డౌన్‌లో పనులు ఆగిపోయాక కుటుంబమంతా నారాయణపేట దగ్గర సొంత ఊరికి వెళ్ళిపోయింది. ఊళ్ళో బాబాయి ఫోను రాత్రి తొమ్మిది దాటాకే దొరికేది. అప్పుడు యూట్యూబ్‌లో టీ-శాట్ పాఠం పెట్టుకుని, అందరూ పడుకున్నాక సౌండు తగ్గించి చెవి దగ్గర ఆనించుకుని వినేదట. “బొమ్మ చూస్తలేకుంటి మేడమ్, ఇంటుంటి అంతే” అంది. మ్యాపు పాఠం కూడా అలా చెవితోనే విన్నదట. ఆ పిల్ల మొన్న ఏప్రిల్ 2న సోషల్ పేపర్లో మ్యాపు పాయింటింగ్ పూర్తిగా చేసొచ్చి సెంటర్ గేటు బయట నాకు వేళ్ళతో గాల్లో గీసి చూపించింది, గోదావరి ఇక్కడ, వింధ్య ఇక్కడ అని.

ఇంకో పిల్లాడు ఏమీ మాట్లాడలేదు. వాడి సంగతి నాకు ముందే తెలుసు. ఆ సంవత్సరమంతా తండ్రితో కలిసి తోపుడుబండి మీద కూరగాయలు అమ్మాడు. చిలకలగూడ, వారాసిగూడ, మెట్టుగూడ గల్లీలన్నీ తిరిగాడు. వాడు కూరగాయల లెక్కలతో గణితం నేర్చుకున్నాడని, బతుకే పాఠం చెప్పిందని నాతో అన్నవాళ్ళున్నారు. అలాంటి మాటలంటే నాకు ఒళ్ళు మండుతుంది. అప్పుడు వాడికి పదకొండేళ్ళు. వాడికి ఒక సంవత్సరం పోయింది. ఇంట్లో బియ్యం లేక ఆ సంవత్సరం పోయింది, ఎవరూ తిరిగి ఇవ్వలేదు. దానికి అందమైన పేరు పెట్టడం ఆ పిల్లాడికి అన్యాయం. వాడి బోనఫైడ్‌లో కూడా మొదటి వరుస అందరిలాగే నిండుగా ఉంటుంది. నేనే రాశాను.

ఏడో తరగతి కూడా సగమే. 2021 సెప్టెంబర్ 1న బడులు తెరిచాక గానీ నేను వీళ్ళని సరిగ్గా చూడలేదు. అప్పుడు గమనించింది ఒకటే, చేతులు రాయడం మర్చిపోయాయి. అర పేజీ రాసేసరికి పెన్ను వదిలేసి వేళ్ళు విదిలించుకునేవారు. సంక్రాంతి సెలవులు మళ్ళీ జనవరి నెలాఖరు దాకా సాగాయి. ఫిబ్రవరి 1 నుంచి రోజూ పీరియడ్ చివర పది నిమిషాలు, ఆ రోజు చూసిందేదైనా రాయమనేదాన్ని. బస్సు, నీళ్ళ ట్యాంకర్, ఇంట్లో గొడవ, ఏదైనా సరే. తప్పులు దిద్దేదాన్ని కాదు, పేజీ నిండిందా లేదా అని మాత్రమే చూసేదాన్ని. ఇవాళ ఒకమ్మాయి ఆ నోటుపుస్తకం ఇంకా ఇంట్లో ఉందని చెప్పింది.

అసలు పరీక్ష ఎనిమిదిలో వచ్చింది. 2022–23 నుంచి సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీషు మీడియం పెట్టారు. అంటే అప్పటిదాకా తెలుగులో చదివిన, అదీ రెండేళ్ళు సరిగ్గా బడికే రాని పిల్లలు ఒక్కసారిగా మీడియం మారారు. రెండు భాషల పుస్తకాలొచ్చాయి, ఎడమ పేజీ ఒక భాషలో, కుడి పేజీ మరో భాషలో. మొదటి నెల క్లాసులో నిశ్శబ్దం నన్ను భయపెట్టింది. మాటకారి పిల్లలు కూడా నోరు విప్పలేదు. ప్రశ్న అడిగితే సమాధానం తెలిసినట్టు కళ్ళలో కనపడేది, నోట రాదు.

అప్పుడు పని చేసింది ఆ పార్సీగుట్ట గుంపే. ఒక టీవీ ముందు కలిసి కూర్చున్న అలవాటు వాళ్ళని వదల్లేదు. మధ్యాహ్నం అన్నం తిన్నాక వాటర్ ట్యాంకు గట్టు మీద కూర్చుని ఒకరు తెలుగు పేజీ చదివేవారు, వెంటనే ఇంకొకరు పక్క పేజీలో అదే పేరా ఇంగ్లీషులో చదివేవారు. అర్థం కాకపోతే వెనక్కి. మెల్లగా ఆ గట్టు మీద పదిమంది అయ్యారు, ఆ తర్వాత సగం క్లాసు. ఊరి నుంచి తిరిగొచ్చిన అమ్మాయి తెలుగు వైపు చదివేది, ఎందుకంటే విని గుర్తుపెట్టుకోవడంలో ఆమెని మించినవాళ్ళు లేరు. కూరగాయల పిల్లాడిని కూడా వాళ్ళే లాక్కొచ్చి కూర్చోబెట్టారు. నేను చెప్పలేదు, హెడ్‌మాస్టర్ చెప్పలేదు. మేం చేసిందల్లా లంచ్ బెల్లు తర్వాత వాళ్ళని అక్కడి నుంచి లేపకపోవడం.

దీని గురించే నేను ఎవరితోనైనా వాదిస్తాను. మొన్న పేపర్లు దిద్దే చోట ఒకాయన “ఇది కరోనా బ్యాచ్ అమ్మా, పునాది లేదు” అన్నారు. పునాది దెబ్బతిన్న మాట నిజం, నేను కాదనను. లెక్కల్లో, చదవడంలో వాళ్ళకి పోయింది చాలా ఉంది, ఆ లోటు ఇంటర్‌లో మళ్ళీ తగులుతుంది కూడా. కానీ నేను చూసిన బ్యాచుల్లో ఇంతగా ఒకరినొకరు మోసిన బ్యాచ్ లేదు. అంతకుముందు పిల్లలు సందేహం వస్తే నా దగ్గరికి వచ్చేవారు. వీళ్ళు ముందు పక్కవాడిని అడుగుతారు. పక్కవాడికి తెలియకపోతే ఇద్దరూ కలిసి వస్తారు. ఆ తేడా ఏ మెమోలోనూ కనపడదు.

తొమ్మిదో తరగతి గురించి అడిగితే అందరూ ఒక్కసారిగా “సాలార్జంగ్!” అన్నారు. సిటీ బస్సులో అఫ్జల్‌గంజ్‌లో దిగి, నయాపూల్ మీదుగా నడిచి మ్యూజియానికి తీసుకెళ్ళాను. గంట గంటకీ చిన్న బొమ్మ బయటికొచ్చి గంట కొట్టే గడియారం దగ్గర పన్నెండింటి కోసం ముందే వెళ్ళి కూర్చున్నాం, పన్నెండు దెబ్బలూ వినాలని. అందరూ వేళ్ళు మడిచి లెక్కపెట్టారు. నగరంలోనే పుట్టి మూసీ దాటి అవతలకి ఎప్పుడూ వెళ్ళని పిల్లలు సగం మంది ఉన్నారని ఆ రోజే తెలిసింది. అదే సంవత్సరం నవంబర్ 30న అసెంబ్లీ ఎన్నికలకి మా బడి పోలింగ్ కేంద్రమైంది. తర్వాత బడికొచ్చి తమ బెంచీలు ఎక్కడున్నాయో వెతుక్కుంటూ, ఇంట్లో వాళ్ళ వేళ్ళ మీద సిరా గురించి చెప్పుకున్నారు. ఓటు హక్కు పాఠం ఆ వారం నేను పెద్దగా చెప్పాల్సిన పని పడలేదు.

పది గురించి ఎక్కువ మాట్లాడలేదు, ఇంకా అలసట తీరలేదనుకుంటా. పొద్దున స్పెషల్ క్లాసు, సాయంత్రం స్పెషల్ క్లాసు, సాయంత్రం పెట్టిన ఉడికించిన శనగలు, చీకటి పడ్డాక ఆడపిల్లల్ని గల్లీ దాకా దింపడానికి గుంపుగా వెళ్ళిన మగపిల్లలు. మార్చి 21న తెలుగుతో మొదలై నా సబ్జెక్టుతో ముగిసింది. ఏప్రిల్ 30న ఫలితాలు. రాష్ట్రం మొత్తం మీద 92.78 శాతం పాసయ్యారు. ఈసారి జీపీఏ తీసేసి మెమో మీద మళ్ళీ మార్కులు వేశారు. పిల్లలు ఒకరి మెమో పక్కన ఒకరిది పెట్టి సబ్జెక్టు సబ్జెక్టుకీ చూసుకున్నారు. తెలుగు చూసి నవ్వుకున్నారు, లెక్కలు చూసి మడిచేశారు.

టీవీ ఇంటి పిల్లాడు ఎంపీసీ, ప్రభుత్వ జూనియర్ కాలేజీలో. ఊరి అమ్మాయి బాసర ట్రిపుల్ ఐటీకి దరఖాస్తు పెట్టింది, రాకపోతే బైపీసీ. కూరగాయల పిల్లాడు ఐటీఐలో ఎలక్ట్రీషియన్ అన్నాడు. ఎందుకని అడిగితే “రెండేండ్లల్ల పని దొరుకుతది మేడమ్, చెల్లె ఎనిమిదిల ఉంది” అన్నాడు. వాడి టీసీ మీద హెడ్‌మాస్టర్ సంతకం అయ్యాక స్టాంపు నేనే వేశాను. రెండు జిరాక్సులు తీయించుకో, ఒరిజినల్ ఎవరికీ ఊరికే ఇవ్వకు అని చెప్పాను. ఫోను నంబరు మార్చితే నాకు చెప్పమన్నాను. చెప్తానన్నాడు.

మా క్లాసులో లెక్కల్లో తప్పిన ముగ్గురు సప్లిమెంటరీ రాశారు. ఆ పరీక్షలు మొన్న 13న అయిపోయాయి, ఫలితాలు ఇంకా రాలేదు. వాళ్ళ టీసీలు అప్పటిదాకా నా దగ్గరే. రాత్రి ముగ్గురికీ ఫోన్ చేశాను. ఇద్దరు ఎత్తారు, బాగానే రాశామన్నారు. మూడో నంబరు పనిచేయడం లేదు. రేపు బడిబాటకి పార్సీగుట్ట వైపే వెళ్ళాలి. ఐదో తరగతి అయిపోయిన పిల్లలు ఏయే ఇళ్ళలో ఉన్నారో చూపిస్తానని టీవీ ఇంటి పిల్లాడు తోడొస్తున్నాడు. ఈ మూడోవాడి ఇల్లు కూడా వాడికి తెలుసట. ముందు అక్కడికే వెళ్దామన్నాడు, పొద్దున పనికి పోకముందే దొరుకుతాడని.