టోక్యో నుంచి సప్పోరో దాకా చాక్లెట్ల వెంట

చాక్లెట్ ఇష్టమున్నవాళ్లు జపాన్ వెళ్లాలనుకుంటే ఫిబ్రవరిలో వెళ్లాలని నా గట్టి అభిప్రాయం. చెర్రీ పూల కోసం అందరూ ఏప్రిల్ అంటారు. అప్పటికి చలికాలపు చాక్లెట్లు షాపుల్లోంచి మాయమైపోతాయి. అక్కడ చాక్లెట్‌కి ఒక కాలం ఉంటుంది, ఒక ఊరు ఉంటుంది. ఆ కాలంలో, ఆ ఊళ్లో తింటేనే దాని అసలు రుచి తెలుస్తుంది.

మా తమ్ముడు, మరదలు టోక్యోలో నిషి కసాయి అనే పేటలో ఉంటారు. మన దేశపు ఐటీ ఉద్యోగులు ఎక్కువగా ఉండే చోటు అది. రైలు దిగి ఇంటికి నడిచే దారిలోనే తెలుగు మాటలు వినపడ్డాయి. నేను మాంసం, చేప తినను. బిస్కెట్లలో, కేకుల్లో గుడ్డు ఉంటే ఫర్వాలేదు. అందుకని మొదటి రోజు మా మరదలు నన్ను వీధి చివరి కన్వీనియన్స్ స్టోర్‌కి తీసుకెళ్లి, ఏదీ కొననివ్వకుండా ముందు పాఠం చెప్పింది. "వదినా, బొమ్మ చూసి కొనకండి, వెనక్కి తిప్పి చదవండి" అంది. పంది, కోడి, చేప, మద్యం అనే అక్షరాలు ఫోన్లో పెట్టిచ్చింది. చాక్లెట్లతో పెద్ద ఇబ్బంది లేదు గానీ గమ్మీల్లో, మార్ష్‌మెలోల్లో జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసే జెలటిన్ ఉంటుంది. చిప్స్ మసాలాల్లో కోడి సారమో, పంది సారమో, ఎండబెట్టిన చేప సారమో చాలాసార్లు కనిపిస్తుంది. శాకాహారులకు ఈ పది నిమిషాల చదువు తప్పనిసరి.

ఆ లేబుల్‌లోనే ఇంకో సంగతి తెలిసింది. అది ఏ రకం సరుకో అక్కడ రాసి ఉంటుంది. మొత్తం సరుకులో అసలు చాక్లెట్ ముద్ద 60 శాతమైనా ఉంటేనే 'చాక్లెట్' అని రాయాలి. బిస్కెట్‌కో గింజలకో చాక్లెట్ పూసి, ఆ పాళ్లు అంతకంటే తగ్గితే 'చాక్లెట్ కాషి', అంటే చాక్లెట్ చిరుతిండి. ముద్దలోనే కోకో తక్కువైతే 'జున్ చాక్లెట్', అంటే ఇంచుమించు చాక్లెట్ అని. తమ సరుకు పూర్తి చాక్లెట్ కాదని కంపెనీయే అట్ట మీద రాసుకోవాల్సి రావడం నాకు చాలా నచ్చింది. ఇలాంటి కచ్చితత్వం మన దగ్గర కూడా ఉంటే కొనేవాళ్లకు ఎంత మేలు!

చాక్లెట్ పూసిన పుల్ల బిస్కెట్ పోకీ మన దగ్గర కూడా దొరుకుతుంది కాబట్టి దాని జోలికి పోలేదు. చలికాలంలో మాత్రమే వచ్చే మెయిజీ వారి మెల్టీకిస్ ముందు తీసుకున్నాను. చిన్న చదరపు ముక్క, పైన కోకో పొడి. నోట్లో పెట్టుకున్నాక కొరకక్కర్లేదు, నాలుక వేడికే కరిగిపోతుంది. కొవ్వును అంత మెత్తగా కలిపారు గనక ఎండాకాలం షాపులో నిలవదు, అందుకే అప్పుడు అమ్మరు. తీపి మితంగా ఉంది, చివర్లో చిన్న చేదు. ఆ వీధి షాపు సరుకుల్లో దీనికే నా మొదటి మార్కు.

రెండో మార్కు బుర్బాన్ వారి ఆల్ఫోర్ట్‌కి. గోధుమ బిస్కెట్ మీద పలక చాక్లెట్, దాని మీద తెరచాప ఓడ బొమ్మ. ధర తక్కువ, అయినా బిస్కెట్‌లో ఉప్పు, చాక్లెట్‌లో పాలు ఎంత ఉండాలో అంతే ఉన్నాయి. ఈ కంపెనీ పుట్టుక కథ తెలిశాక ఇంకా ఇష్టమైంది. 1923లో వచ్చిన కాంటో మహా భూకంపంతో టోక్యో ఫ్యాక్టరీలు పడిపోయి, ఊళ్లకు బిస్కెట్లు రావడం ఆగిపోయింది. దూరపు ఊళ్లలో కూడా ఫ్యాక్టరీ ఉండాలని నీగతా ప్రాంతపు కషివజాకిలో 1924లో దీన్ని మొదలుపెట్టారు.

మా తమ్ముడి ఇంట్లో ఒక పాత తగువు కూడా చూశాను. మెయిజీ వారివే రెండు చిరుతిళ్లున్నాయి. 1975లో వచ్చిన కినోకో నో యామ పుట్టగొడుగు ఆకారంలో ఉంటుంది, పుల్ల బిస్కెట్‌కి చాక్లెట్ గొడుగు. 1979లో వచ్చిన తాకెనోకో నో సాతో వెదురు మొలక ఆకారంలో ఉంటుంది, కుకీ చుట్టూ చాక్లెట్. ఏది గొప్పదని దేశమంతా రెండు పక్షాలు. 2018లో కంపెనీయే ఓటింగ్ పెడితే వెదురు మొలక గెలిచింది. మా తమ్ముడిది పుట్టగొడుగు పక్షం, మరదలిది వెదురు మొలక. "అక్కా, నువ్వే చెప్పు" అని ఇద్దరూ నా మీద పడ్డారు. నా ఓటు మరదలికే. ఆ కుకీ వెన్నలా విరిగి చాక్లెట్‌తో కలిసిపోతుంది. పుట్టగొడుగులో పుల్ల ఒక రుచి, గొడుగు ఒక రుచి, రెండూ కలవవు.

ఇక కిట్‌క్యాట్. జపాన్ అనగానే అందరూ అడిగేది దీని గురించే. ఉజి మాచా (పచ్చ టీ పొడి), హోజిచా (వేయించిన టీ), షిన్షూ ఆపిల్, షిజుఓకా వసాబి (ఘాటైన దుంప), ఒకినావా ఊదా రంగు చిలగడదుంప, హిరోషిమా మొమిజి మంజూ (ఆకు ఆకారపు చిన్న కేకు)... ఇలా ఒక్కో ప్రాంతం పేరుతో ఒక్కో డబ్బా. ఊరు వెళ్లొచ్చినవాళ్లు ఆఫీసులో అందరికీ ఆ ఊరి తినుబండారం పంచాలనేది అక్కడ గట్టి ఆచారం. దాన్ని ఒమియాగె అంటారు. లోపల విడివిడిగా చుట్టిన ముక్కలు, పైన ఊరి బొమ్మ ఉన్న అట్టపెట్టె ఆ పంపకానికి సరిగ్గా సరిపోతాయి. ఇన్ని రకాలు నిలబడటానికి అదొక పెద్ద కారణం. రుచి విషయానికొస్తే, వీటిలో ఎక్కువ భాగం తెల్ల చాక్లెట్‌కి ఏదో ఒక పొడో, సువాసనో కలిపి చేసినవే. అందుకని వరసగా తింటే తీపి ఒక్కటే మిగులుతుంది. నేను మనస్ఫూర్తిగా మెచ్చుకునేది హోజిచాను. వేయించిన టీ ఆకు వాసన తెల్ల చాక్లెట్ తీపిని చక్కగా అదుపులో పెడుతుంది. మాచాలో కూడా ముదురు రకం తీసుకోండి, ఆకు వగరు నిజంగా తెలుస్తుంది. వసాబి గురించి భయపడక్కర్లేదు, కళ్లల్లో నీళ్లు రావు. చివర్లో ముక్కు దగ్గర చిన్న ఘాటు, అంతే.

వాలెంటైన్స్ డే అక్కడ ఆడవాళ్లు మగవాళ్లకు చాక్లెట్ ఇచ్చే రోజు. తీసుకున్నవాళ్లు మార్చి 14న, వైట్ డే నాడు, తిరిగి ఇవ్వాలి. 1958లో మేరీ చాక్లెట్ కంపెనీ టోక్యోలోని షింజుకులో ఇసెతాన్ అనే డిపార్ట్‌మెంట్ స్టోర్‌లో ఈ అమ్మకం పెట్టినప్పుడు మూడు రోజుల్లో అమ్ముడైనవి వేళ్ల మీద లెక్కపెట్టేన్నే. ఇప్పుడు అదే షింజుకులో డిపార్ట్‌మెంట్ స్టోర్ కింది అంతస్తుల్లో కాలు పెట్టే చోటు లేదు. మా మరదలి ఆఫీసులో మాత్రం సహోద్యోగులకు తప్పనిసరిగా ఇచ్చే 'గిరి చోకో' దాదాపు మానేశారట. 2018లో గొడైవా కంపెనీ ఈ మొహమాటపు చాక్లెట్లు మానేద్దామని పత్రికలో పెద్ద ప్రకటనే ఇచ్చింది. క్యూలో నా ముందున్న ఆడవాళ్లలో చాలామంది తమ కోసమే కొనుక్కుంటున్నారు. ఒక్కో ముక్క ఎంతో ఆలోచించి ఎంచుకోవడం చూసి నాకు సంతోషమేసింది. అక్కడ తిన్న యూజు గనాష్, అంటే క్రీమ్ కలిపిన మెత్తటి చాక్లెట్, చాలా బాగుంది. యూజు అంటే మన దబ్బకాయకి దూరపు చుట్టంలాంటి పండు, ఆ తొక్క పరిమళం నల్ల చాక్లెట్‌కి బాగా కుదిరింది.

అయితే టోక్యో వైపు నాకు అన్నింటికంటే నచ్చింది ఖరీదైన చాక్లెట్ కాదు. టోక్యోలోని ఇకెబుకురో స్టేషన్ నుంచి తోబు రైల్లో అరగంట వెళ్తే కవగొయె వస్తుంది. 1893లో పెద్ద అగ్నిప్రమాదం జరిగాక మందపాటి మట్టి గోడలతో కట్టిన నల్లటి దుకాణాలు ఇప్పటికీ వరసగా నిలబడి ఉన్నాయి. వాటి వెనక రాళ్లు పరిచిన సన్నటి సందు ఒకటుంది, పేరు కషియా యొకొచో, మిఠాయి దుకాణాల సందు. ఇందాక చెప్పిన భూకంపంలో టోక్యో మిఠాయి దుకాణాలు నాశనమైనప్పుడు సరుకు ఇక్కడ్నుంచి వెళ్లింది. షోవా కాలం మొదట్లో, అంటే 1920ల చివర్లో, 1930ల్లో, ఇక్కడ డెబ్బై దాకా దుకాణాలుండేవి. ఇప్పుడు ఇరవై, కాస్త అటూఇటూ.

ఇక్కడ అమ్మేది దగాషి, అంటే పిల్లలు చేతి ఖర్చు డబ్బుతో కొనుక్కునే చిల్లర తినుబండారాలు. చెయ్యి పొడవుండే ఫుగాషి చూశాను. గోధుమ జిగురుతో చేసిన తేలికైన కడ్డీ, చుట్టూ నల్ల చక్కెర పూత. కొరికితే గాలి కొరికినట్టుంటుంది, తర్వాత బెల్లం రుచి నోరంతా పరుచుకుంటుంది. వేయించిన సోయా పిండి కలిపిన కినాకో మిఠాయి మెత్తగా, కమ్మగా ఉంది. చిలగడదుంపలు ఆ ఊరి పంట. వాటిని పొడుగ్గా, పల్చగా కోసి వేయించి కాగితపు గ్లాసులో నిలబెట్టి ఇస్తే, చలిలో రెండు చేతులతో పట్టుకుని తిన్నాను. ఉప్పు చాలు దానికి. ఊమాయ్‌బో అనే మొక్కజొన్న కడ్డీ 1979లో మొదలైంది, 2022 దాకా ధర 10 యెన్లే. తర్వాత 12 అయింది, 2024లో 15. నలభై ఏళ్లకు పైగా ధర పెంచకుండా పిల్లల చిల్లరకి అందేలా ఉంచారంటే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. మసాలాలో మాంసం సారాలు ఉంటాయి కనుక నేను తినలేదు. ఒక బామ్మ కొట్లో పిల్లాడు నాణేలు అరచేతిలో పెట్టుకుని ఏది కొనాలో తేల్చుకోలేక నిలబడి ఉంటే, ఆవిడ తొందర పెట్టకుండా చాలాసేపు ఆగింది. ఇలాంటి దుకాణాలు బతకాలి.

బియ్యపు చిరుతిళ్లలో టోక్యోలోని అసకుసా పేట కామినారి ఒకోషి తినగానే మా అమ్మ చేసే మరమరాల ఉండే గుర్తొచ్చింది. పేలబెట్టిన బియ్యం, చక్కెర పాకం, వేరుశెనగపప్పు. తేడా ఏమిటంటే మనది బెల్లం, వాళ్లది గట్టిగా నొక్కిన పలక. అక్కడి నకమిసె వీధిలో నడుస్తూ తినకూడదు, కొన్న దుకాణం ముందే నిలబడి తినెయ్యాలి. బొగ్గుల మీద తిప్పుతూ సోయా సాస్ రాసే సెంబె అనే బియ్యపు బిళ్ల అక్కడే వేడివేడిగా తినాల్సినది, ప్యాకెట్లో కొంటే సగం రుచి కూడా ఉండదు. మా తమ్ముడికి ఇష్టమైన కాకి నో తానె అనే చిన్న కారపు బియ్యపు ముక్కల లేబుల్‌లో చేప సారం కనపడింది, నేను వదిలేశాను.

తర్వాత విమానంలో సప్పోరో. ఆ ఊరున్న ఉత్తరపు దీవి హొక్కైడోలో పాలు, బంగాళాదుంపలు దండిగా దొరుకుతాయి. దేశపు పచ్చిపాలలో సగానికి పైగా, బంగాళాదుంపల్లో దాదాపు 80 శాతం ఆ ఒక్క దీవివే. అక్కడి చాక్లెట్ రుచికి మూలం అదే. 1983లో సప్పోరోలో మొదలైన రాయిస్ కంపెనీకి ఊరి బయట తోబెత్సులో ఫ్యాక్టరీ ఉంది. దాని దగ్గర్లోనే 2022లో రాయిస్ టౌన్ అని రైల్వే స్టేషనే కట్టారు. 2023లో ఫ్యాక్టరీలో సందర్శకుల కోసం పెద్ద ప్రదర్శన తెరిచారు. కోకో కాయ దగ్గర్నుంచి చాక్లెట్ దాకా అన్ని దశలూ చూపిస్తారు. కాయల బొమ్మల ముందు నేను చాలాసేపు ఉండిపోయాను. పశ్చిమ గోదావరిలో మా అమ్మమ్మగారి ఊరి వైపు కొబ్బరి తోటల్లో ఇవే కాయలు కాస్తాయి. దేశంలో కోకో పండించడంలో మన ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం. చిన్నప్పుడు కాయ పగలగొట్టి తెల్ల గుజ్జు చప్పరించి గింజ పారేసేవాళ్లం. ఆ గింజను పులియబెట్టి, ఎండబెట్టి, వేయించి, రోజుల తరబడి నూరితే ఏమవుతుందో అక్కడ వరసగా చూస్తుంటే గర్వంగా అనిపించింది. జపాన్‌కి కోకో గింజలు ఎక్కువగా ఘనా నుంచి వస్తాయి. మన గింజలకు కూడా అక్కడ చోటు దొరకాలని నా కోరిక.

నామా చాక్లెట్, అంటే క్రీమ్ కలిపిన మెత్తటి చాక్లెట్, ఇక్కడ తినాలి. ఈ పేరు పెట్టుకోవాలంటే క్రీమ్ 10 శాతానికి, తేమ 10 శాతానికి తగ్గకూడదు. రాయిస్ డబ్బాలో ఇరవై ముక్కలు, ఒక చిన్న ఫోర్కు. ఓలే అనే పాల చాక్లెట్ రకంలో కొంచెం మద్యం ఉంటుంది, వద్దనుకునేవాళ్లు అడిగితే లేనివి చూపిస్తారు. నేను మద్యం లేని నల్లది తీసుకుని, బయట మంచు పడుతుంటే స్టేషన్ బెంచీ మీద కూర్చుని తిన్నాను. ఆ చలికి ముక్క గట్టిగా, అంచులు పదునుగా ఉంది. నోట్లోకి వెళ్లాక మొదట కోకో పొడి చేదు, తర్వాత నెమ్మదిగా పాల కమ్మదనం, మింగాక కూడా కొంతసేపు చాక్లెట్ వాసన. ఈ ప్రయాణంలో తిన్నవాటిలో ఇదే గొప్పది, సందేహం లేదు. అదే కంపెనీ బంగాళాదుంప చిప్స్‌కి ఒకవైపు మాత్రమే చాక్లెట్ పూస్తుంది. ఉప్పు వైపు నాలుకకి తగిలేలా పెట్టుకోండి. 1976 నుంచి ఇషియా వారు చేస్తున్న షిరోయ్ కోయిబితో, అంటే పల్చటి బిస్కెట్ల మధ్య తెల్ల చాక్లెట్, చాలా సున్నితంగా ఉంటుంది. టీతో తింటే ఇంకా బాగుంటుంది. గుడ్డు తిననివాళ్లు గమనించాలి, బిస్కెట్‌లో తెల్లసొన ఉంటుంది.

ఇంటికి తేవాలనుకునేవాళ్లకు నా సలహా ఇదీ. నామా చాక్లెట్‌ని 10 డిగ్రీలు దాటనివ్వకూడదు. విమానాశ్రయం షాపులో ఐసు ప్యాక్‌తో చల్లని సంచి అమ్ముతారు, అది తీసుకుని చేతి సామానులో పెట్టుకోండి. బ్యాంకాక్‌లో విమానం మారినా హైదరాబాద్‌లో మా ఫ్రిజ్ చేరేదాకా నాది చెక్కుచెదరలేదు. మెల్టీకిస్ మాత్రం తేవద్దు, అక్కడే తినెయ్యండి. ఆల్ఫోర్ట్, హోజిచా కిట్‌క్యాట్, ఒకోషి పెట్టెలో బట్టల మధ్య హాయిగా వచ్చేశాయి. మా నాన్నగారు ఒకోషి డబ్బా తన గదిలో పెట్టుకున్నారు. మా అమ్మాయి వెదురు మొలకలు అయిపోయాయని మామయ్యకి ఫోన్ చేసి, ఈసారి వచ్చేటప్పుడు పుట్టగొడుగులు తేవొద్దని గట్టిగా చెప్పింది.